పునీత సోమవారంగారి హాజరు పట్టీ

మానవజాతి ఇంతవరకు నెలకొల్పిన పరిపాలనా వ్యవస్థలలో, చట్టం లేకుండా, కార్యాలయం లేకుండా, ఒక్క అప్పీలైనా లేకుండా నిరాటంకంగా నడుస్తున్నది ఒక్కటే ఉన్నది. దాని పేరు పునీత సోమవారం. మా మోల్యేపంపా పట్టణంలో దానిని పాటించని మగవాడు లేడు. మోయని ఆడది లేదు.

చిన్నతనంలో మఠంలోని సన్యాసినులు మాచేత పునీతుల పట్టికను కంఠస్థం చేయించారు. పోయిన వస్తువులు వెతికిపెట్టే పునీతుడు, గొంతులో ముల్లు గుచ్చుకుంటే తీసే పునీతుడు, పంటినొప్పికి ప్రత్యేకంగా ఒక పునీతురాలు, వీరందరినీ ఈ డెబ్భై తొమ్మిదో ఏట కూడా వరుస తప్పకుండా చెప్పగలను. ఆ పట్టికలో పునీత సోమవారంగారు లేరు. ఆయన వేదసాక్షిగా మరణించినట్లు ఆధారాలూ లేవు (తాము ప్రతి సోమవారం ఉదయం మరణిస్తున్నామని ఆయన భక్తులు మాత్రం చెబుతారు). మిగిలిన పునీతులకు ఏడాదికొక పండుగ అయితే ఈయనకు వారానికొకటి. జాగరణ ఆదివారంనాడు. పూజ ముగిసి జనం గుడి మెట్లు దిగేసరికి, ఎదురుగా దోన్యా సతూర్నీనా ఇంటి ముంగిట కర్రకు తెల్లజెండా ఎగురుతూ ఉంటుంది. మొక్కజొన్న మొలకలు కాచి పులియబెట్టిన చీచా ఆ పూట సిద్ధంగా ఉన్నదని దాని అర్థం. తెల్లజెండాను లొంగిపోయినందుకు గుర్తుగా ఇతర దేశాలవారు వాడతారట. మేమూ అందుకే వాడతాము.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. మా పట్టణంలో తాగుబోతులు లేరు. ఇది నా అభిప్రాయం కాదు, పురపాలక సంఘంవారు ఇంటింటికీ తిరిగి తేల్చిన విషయం. "మీరు తాగుతారా?" అన్న ప్రశ్నకు నాలుగు వందల పన్నెండుమంది పురుషులు "లేదు, ఎవరైనా ఇస్తేనే" అని జవాబిచ్చారు. ఇచ్చేవారెవరన్న ప్రశ్న ఆ పత్రంలో లేదు. మా దగ్గర చీచా నింపిన సొరబుర్ర చేతికి వచ్చినప్పుడు నాలుగు చుక్కలు భూమాతకు వదలాలి, మిగిలినది ఒక్క గుక్కలో తాగాలి, ఖాళీ బుర్రను నింపి మరొకరి చేతికి అందించాలి. ఈ పద్ధతిలో ఎవ్వరూ తమంతట తాము తాగరు. అందరూ ఒకరినొకరు గౌరవించుకుంటారు. సాయంత్రానికి గౌరవం ఎక్కువై గోడలు పట్టుకుని నడుస్తారు.

"ఏం తమ్ముడూ, తాగవా? నేనంటే లెక్కలేదా నీకు?"

"అయ్యో ఎంతమాట అన్నా! ఇప్పటికే ఇది ఏడో బుర్ర."

"ఓహో! అయితే ఆ ఆరుగురి మీదున్న మర్యాద నా మీద లేదన్నమాట."

ఈ తర్కానికి వేదాంతులు ఇంతవరకు సమాధానం కనుగొనలేదు.

సోమవారాన్ని ఆపడం సాధ్యం కాదని గ్రహించిన మా సంస్థలు దానికి తగినట్లు తమను తాము దిద్దుకున్నవి. బడిలో ఆ రోజు మొదటి మూడు గంటలు మౌన పఠనం (మౌనం ఉపాధ్యాయుల ఆరోగ్యం దృష్ట్యా). మంగలి జుట్టు కత్తిరిస్తాడు గాని గడ్డం గీయడు. గీయమని అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు. జనన మరణాల రిజిస్ట్రారు ఒక సోమవారంనాడు ఒక ఆడశిశువును పొరపాటున రెండో పుస్తకంలో రాశాడు. ఆ అమ్మాయికిప్పుడు పందొమ్మిదేళ్ళు. నిక్షేపంగా ఉన్నది, ఓటు మాత్రం లేదు. అప్పటినుంచి సోమవారాల్లో పుట్టినవారిని మంగళవారం పుట్టినట్లు రాయాలని ఉత్తర్వు వెలువడింది.

అన్నింటికంటే విశిష్టమైనది ఏడవ నంబరు పత్రం. పురపాలక ఉద్యోగి అనారోగ్యం వల్ల రాలేనప్పుడు దీనిని దాఖలు చేయాలి. కారణం అనే గడిలో నాలుగింటికి అనుమతి ఉన్నది: పాడైన చేప, రక్తపోటు, మెడకు గాలి సోకడం, అత్తగారు. మా దేశం యుద్ధంలో ఓడి తనకున్న సముద్రతీరాన్ని పొరుగుదేశానికి పోగొట్టుకుని నూట నలభై ఏళ్ళు దాటింది. అయినా చేపలు సోమవారం సోమవారం వచ్చి మా ఉద్యోగుల మీద పగ తీర్చుకుంటూనే ఉన్నవి.

రోగి రాలేడు గనుక పత్రాన్ని భార్య తేవాలి. కాబట్టి సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు కార్యాలయపు కిటికీ ముందు ఆడవాళ్ళ వరుస సంతదాకా సాగుతుంది. కిటికీ గుమాస్తా హసింతో కూడా ఆ రోజు రోగియే. అందువల్ల కిటికీ వెనుక అతని భార్య ప్రిమితివా కూర్చుంటుంది. ఆమె మొట్టమొదట స్వీకరించేది తన భర్త పత్రమే. ఇచ్చేదీ ఆమే, పుచ్చుకునేదీ ఆమే, ముద్ర వేసేదీ ఆమే.

"ఏమే, మీ ఆయనకి పోయిన వారమే కదే చేప?"

"పోయిన వారం గాలి. ఈ వారం చేప. వరస తప్పితే మళ్ళీ ఆఫీసువాళ్ళు అడుగుతారు."

"మా ఆయన అత్తగారు అని రాయమన్నాడు. అత్తగారంటే మా అమ్మ. అమ్మ పోయి ఆరేళ్ళయింది."

"దానికేముందీ, ఇంకా తగ్గలేదని రాయి."

పత్రాలు ఇచ్చిన తరువాత వీరెవరూ ఇంటికి పోరు. ఒకామె తపాలా సంచీ భుజాన వేసుకుంటుంది. ఒకామె సంత ఊడ్పిస్తుంది. మరొకామె బస్సులో టికెట్లు కోస్తుంది. సోమవారంనాడు మా పట్టణంలో ఉత్తరాలు సరైన ఇళ్ళకు చేరుతాయి, బస్సు సమయానికి కదులుతుంది. దీనికి కారణమేమిటో ఇంతవరకు ఎవరూ విచారించలేదు.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి కారణమైన మనిషి దగ్గరకు వస్తాను. ఎదెల్మీరాకు జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు చేతుల్లో పట్టుకున్నదాన్ని నేను. మా పద్ధతి ప్రకారం నేను ఆమెకు మద్రీనాను, అంటే దేవుడి ఎదుట తల్లిని. ఆమె భర్త వెనాన్సియో మా పట్టణానికి నీళ్ళు వదిలే ఉద్యోగి. కొండమీద తొట్టి ఉన్నది, దానికి వాల్వులు ఉన్నవి, వాటిని తిప్పడానికి మనిషి నడుమెత్తు ఇనుప తాళంచెవి ఉన్నది. ఆదివారం సరఫరా లేదు. మిగిలిన ఆరు రోజులూ ఉదయం ఆరున్నరకు కొండెక్కి వాల్వు తిప్పితే ఏడింటికి ఊళ్ళో కుళాయిలు కారుతాయి. పద్నాలుగేళ్ళుగా సోమవారాలు కొండెక్కుతున్నది ఎదెల్మీరా.

వెనాన్సియో ఏనాడూ ఏడవ నంబరు పత్రం పెట్టలేదు. ఆ అవసరం అతనికి లేదు. అతడు కొండమీద పనిచేస్తాడు గనుక సంతకం కోసం దిగి రానక్కరలేదని నియమం. ఉదయం ఏడు గంటలకు కార్యాలయపు పెరటి కుళాయిలో నీళ్ళు వస్తే ఉద్యోగి హాజరైనట్లు, రాకపోతే గైర్హాజరైనట్లు. పద్నాలుగేళ్ళలో ఒక్క పనిరోజు కూడా ఆ కుళాయి ఎండలేదు. అందుచేత పోయిన పట్టణ దినోత్సవంనాడు మేయరుగారు వెనాన్సియోను వేదికమీదికి పిలిచి "అఖండ హాజరు పతకం" బహూకరించారు. (చొక్కా ఇస్త్రీ చేసినది ఎదెల్మీరా. పతకం సూది గుచ్చుకోకుండా తగిలించినదీ ఆమే.) ఆ సాయంత్రం ఊరంతా అతనిని గౌరవించింది. మరునాడు సోమవారం.

ఈ ఏడాది కొండమీద రెండో తొట్టి కట్టారు. దానికి ఇంకో ఉద్యోగం మంజూరయింది. ఎదెల్మీరా నా దగ్గరకు వచ్చి, గుమ్మంలో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది.

"మద్రీనా, ఆ ఉద్యోగానికి అర్జీ రాసిపెట్టు."

"వెనాన్సియోకి తెలుసా?"

"తెలుసు. నవ్వాడు." ఆమె టోపీ అంచును వేళ్ళతో సవరించింది. "రేపు ఆయనకేమైనా అయితే ఈ ఊళ్ళో నేనెవర్ని మద్రీనా? వానైనా చలైనా కొండెక్కానని ఎవరికి తెలుసు? ఒక్క పనైనా నా పేరు మీద ఉండాలి. అంతే."

నేను రాశాను. అక్షరాలు గుండ్రంగా, అంచు నాలుగు వేళ్ళు వదిలి, సన్యాసినులు నేర్పినట్లే. పన్నెండు రోజులకు తిరస్కరణ వచ్చింది: దరఖాస్తుదారుకు నిరూపితమైన అనుభవం లేదు.

పురపాలక కార్యదర్శి నికనోర్‌ను నేను బడిలో టీచరుగా ఉన్నప్పుడు మూడో తరగతిలో చదివించాను. ఇప్పుడతడు న్యాయవాది, మా దగ్గర న్యాయవాదులను డాక్టరు అని పిలుస్తారు (ఎవరికైనా నయం చేస్తారన్న భయం ఉండదు గనుక). బుధవారంనాడు అతని గదికి వెళ్ళాను.

"రండి టీచరమ్మా, కూర్చోండి. ఏం తీసుకుంటారు?"

"న్యాయం తీసుకుంటాను. ఎదెల్మీరాకు అనుభవం లేదని ఎవరన్నారు, నికనోర్?"

"హాజరు పట్టీ అంటోంది టీచరమ్మా. చూడండి. పద్నాలుగేళ్ళ సోమవారాలన్నింటికీ వెనాన్సియో హాజరు. నీళ్ళొచ్చాయి. నీళ్ళొస్తే ఆయన వచ్చినట్టే."

"సోమవారం ఆయన ఇంట్లో పడుకుని ఉంటాడు."

"అది ఆయన వ్యక్తిగత జీవితం. అందులో మేం తలదూర్చం."

"నీళ్ళు వదిలింది ఆమె."

"వదిలి ఉండొచ్చు. కానీ ఆమె అంత సక్రమంగా వదలబట్టే కదా ఆయన హాజరయ్యాడు! ఒక్కసారైనా తప్పి ఉంటే ఆధారం దొరికేది." అతడు గొంతు తగ్గించాడు. "పైగా టీచరమ్మా, సంబంధం లేని మనిషి ప్రభుత్వ వాల్వు ముట్టుకోవడం నేరం. మీరు చెప్పారు కాబట్టి విననట్టు ఊరుకుంటున్నా."

నేను లేచి అతని బల్లమీది కలాన్ని సరిగ్గా పెట్టి (ఎప్పుడూ వంకరగానే పెట్టేవాడు) బయటికి వచ్చాను. ఇంటికి వెళ్ళేలోపు నాకు అర్థమయింది: మా పట్టణంలో ఒక మనిషి ఉన్నట్లు రుజువు కావాలంటే ఆ మనిషి లేకుండా పోవాలి.

"వచ్చే సోమవారం నువ్వు కొండెక్కవద్దు," అన్నాను ఎదెల్మీరాతో.

ఆమె నిర్ఘాంతపోయింది. "నీళ్ళు రాకపోతే చచ్చేది ఆడవాళ్ళే కదా మద్రీనా! అంట్లు, బట్టలు, పిల్లల స్నానాలు. మగవాళ్ళకి నీళ్ళతో ఏం పనీ?"

"సోమవారం ఉదయం పని ఉంటుంది," అన్నాను.

ఆదివారం నీళ్ళు రావు గనుక శనివారం ప్రతి ఇంటా నీళ్ళు పట్టుకోవడం మామూలే. ఆ శనివారం రెట్టింపు పట్టుకోవాలని సంతలో ఒకరికి చెప్పాను. మధ్యాహ్నానికి అందరికీ తెలిసింది. బకెట్లు, కుండలు, బట్టల తొట్లు, ఒక ఇంట్లో పిల్లవాడి ఊయల తొట్టి కూడా నిండినవి. మంచాల కింద, ధాన్యపు గాదెల వెనుక, గొర్రెతోళ్ళ కింద నీళ్ళు నిలిచినవి. ఇంటినిండా కుండలు కనిపిస్తున్నా ఒక్క మగవాడూ ఎందుకని అడగలేదు. ఇంటిపని వారి కంటికి కనిపించకపోవడం ఊరికి మేలు చేసిన సందర్భం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. ఆదివారం జెండా ఎగిరింది. గౌరవ మర్యాదలు యథావిధిగా జరిగినవి.

సోమవారం. చీచా మరునాటి ఉదయానికి మిగిల్చే దాహాన్ని మేము చాకీ అంటాము. నాలుక చెప్పు అట్టలా అవుతుంది. మనిషి కుళాయి కింద నోరు పెట్టి, ఇక జన్మలో ముట్టనని ప్రమాణం చేసి, నీళ్ళు తాగుతాడు. (ప్రమాణం నీళ్ళు దిగేవరకు నిలుస్తుంది.) ఆ రోజు మా పట్టణంలో నాలుగు వందల పన్నెండుమంది కుళాయిల కింద నోళ్ళు పెట్టారు. ఏమీ రాలేదు.

ఇళ్ళలోని నీళ్ళు పిల్లలకూ కోళ్ళకూ వంటకూ అని ఆడవాళ్ళు తీర్మానించుకున్నారు. మిగిలినవారు సరైన మార్గంలో కోరవచ్చు. కాబట్టి చరిత్రలో మొదటిసారిగా సోమవారంనాడు కార్యాలయపు కిటికీ ముందు మగవాళ్ళు వరుసలో నిలబడ్డారు. కిటికీ వెనుక ప్రిమితివా కొత్త పత్రాల కట్ట విప్పింది.

"నీళ్ళు ఏ అవసరానికి?"

"తాగడానికి తల్లీ, ఇంకెందుకు! గొంతు పిడచకట్టుకుపోయింది."

"దాహానికి కారణం?"

"కారణమేంటి?"

"ఈ గడి ఖాళీగా ఉంటే పత్రం చెల్లదన్నా. రూలు."

"చేప అని రాయి."

"చేప కడుపుకి. దాహానికి చేప లేదు."

"అయితే గాలి."

"గాలి మెడకి. పక్కకు జరుగు. తర్వాత ఎవరు? పేరు?"

"నేనే! నీ మొగుణ్ణి!" అన్నాడు హసింతో.

"మొగుడనేది పేరు కాదు. పేరు చెప్పండి."

నికనోర్ తొమ్మిదిన్నరకు వచ్చాడు. సోమవారం వెలుతురులో ఆ కార్యాలయాన్ని అతడు చూడడం అదే మొదలు. తన గదికి ఏ ద్వారమో ఒక క్షణం ఆలోచించాడు. తరువాత మేయరుగారు వచ్చారు, తలకు తడిగుడ్డ కట్టుకుని (ఆ గుడ్డ ఎక్కడ తడిపారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది, మేయరుగారి భార్య కూడా శనివారం కుండలు నింపినవారే). అందరూ కలిసి వెనాన్సియో ఇంటికి వెళ్ళి అతనిని లేపారు. అతడు పతకంతో సహా పడుకుని ఉన్నాడు. ఇనుప తాళంచెవి అతని చేతిలో పెట్టి, చెరొక వైపు పట్టుకుని, కొండెక్కించారు. నేను గొడుగు వేసుకుని వెనుక నడిచాను.

వెనాన్సియో పెద్ద వాల్వును రోజూ తిప్పే ఒడుపుతోనే తిప్పాడు. గొట్టం ఒక దీర్ఘమైన త్రేన్పు విడిచింది. కింద ఊళ్ళో కుళాయిలు బుసకొట్టి ఊరుకున్నవి. అతడు మూసి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ త్రేన్పు.

"తొట్టి నిండుగానే ఉంది కదా! మరి నీళ్ళేవి?" అన్నారు మేయరుగారు.

"గొట్టం మొండికేసింది సార్. ఎప్పుడూ ఇట్లా చెయ్యలేదు."

నిజమే, అతడు ఎరిగినంతలో అది ఎప్పుడూ ఇట్లా చేయలేదు. ఆదివారం సరఫరా ఆగడం వల్ల గొట్టాల్లో గాలి చేరుతుంది. సోమవారం ఉదయం ముందుగా చిన్న వాల్వు తెరిచి ఆ గాలిని వదలాలి, తరువాతే పెద్దది తిప్పాలి. ఈ సంగతి సోమవారాలు కొండెక్కినవారికి మాత్రమే తెలుస్తుంది.

మనిషిని పంపి ఎదెల్మీరాను పిలిపించారు. ఆమె మా వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఉన్నది. నడుముకు కట్టుకున్న వంటగుడ్డతో చేతులు తుడుచుకుంటూ కొండెక్కి వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. మోల్యే పొద పక్కన మోకాళ్ళమీద వంగి, ఆకులు తొలగించి, అరచేయంత ఉన్న చక్రాన్ని మెల్లగా తిప్పింది. గాలి ఈలవేస్తూ పోయింది. ఈల ఆగేదాకా చెవి ఒగ్గి విన్నది.

"ఇప్పుడు తిప్పు," అన్నది భర్తతో.

నీళ్ళు దిగినవి. కింద ఊళ్ళో నుంచి వినిపించిన కేకను నేను ఏ పునీతుడి ఉత్సవంలోనూ వినలేదు.

"ఈమెకెలా తెలుసు?" అన్నారు మేయరుగారు.

నలుగురు పురుషులు ఏకకాలంలో తమ బూట్లను పరిశీలించారు.

పట్టణం నీళ్ళు తాగి తేరుకున్నాక పురపాలక సంఘానికి ఒక చిక్కు ఎదురయింది. ఏడు గంటలకు పెరటి కుళాయి ఎండి ఉన్నది గనుక ఎవరో ఒకరికి గైర్హాజరు వేయాలి. వెనాన్సియోకు వేస్తే అఖండ హాజరు ఖండితమవుతుంది. పతకం ఇచ్చిన చేయి మేయరుగారిది. నికనోర్ రెండు రోజులు ఆలోచించాడు. గురువారం ఉదయం ఎదెల్మీరా ఒక కాగితం పట్టుకుని ఏడుస్తూ నా దగ్గరకు పరుగెత్తి వచ్చింది. "మెమో సంఖ్య 31. శ్రీమతి ఎదెల్మీరా గత సోమవారం ముందస్తు అనుమతి లేకుండా నీటి సరఫరా విధులకు గైర్హాజరైనందున ప్రజలు తీవ్ర దాహమునకు లోనైరి. తగు చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలెను."

"నన్ను జైల్లో వేస్తారా మద్రీనా?"

"కళ్ళు తుడుచుకో అమ్మాయ్. ముద్ర చూడు, ఎంత గుండ్రంగా పడిందో. వీళ్ళు నీకు రాసిచ్చిన మొదటి కాగితం ఇది. మడత పెట్టకు."

అదే రోజు సాయంత్రం నాలుగింటికి సభ కూడింది. మా సభలు సొరబుర్రతో మొదలవుతాయి. అది చేతులు మారి నా దాకా వచ్చింది.

"టీచరమ్మా, ఒక్క గుక్క. భూమాత కోసం."

"భూమాతకు కావలసిన నీళ్ళు ఎదెల్మీరా కొండమీద నుంచి పంపుతూనే ఉన్నది. నేను తాగను."

నేను భూమాతను అవమానించినట్లు మినిట్స్‌లో రాసుకున్నారు. రాయడం పూర్తయ్యేవరకు ఆగి, మెమోను బల్లమీద పరిచాను.

"నికనోర్, ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"ఎదెల్మీరా విధులకు గైర్హాజరైందని రాశావు. ఉద్యోగం లేని మనిషి గైర్హాజరు కాగలదా? మా పక్కింటి కోడి కూడా సోమవారం రాలేదు. దానికి మెమో ఎందుకివ్వలేదు?"

సభలో ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. నికనోర్ కాగితాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. మూడో తరగతిలో భాగహారం దగ్గర అతని ముఖం ఇలాగే ఉండేది.

"ఒక్క సోమవారం రాకపోతే తప్పయిందంటే," అన్నాను, "అంతకుముందు సోమవారాలన్నీ వచ్చినట్లే. మీ మాటే, మీ ముద్రే. లేదంటారా? వెనాన్సియోకు గైర్హాజరు వేయండి, పతకం వెనక్కు తీసుకోండి. రెంటిలో ఏదైనా నాకు సమ్మతమే."

గోడ దగ్గర నిలబడిన వెనాన్సియో చొక్కామీది పతకాన్ని చేత్తో కప్పుకున్నాడు. మేయరుగారు బుర్ర నింపించుకుని తాగి, నిర్ణయం ప్రకటించారు. ఎదెల్మీరా అనుభవం నిరూపితమైంది. అయితే అది సోమవారాలకే నిరూపితమైంది గనుక, రెండు తొట్లకూ ఆమెను సోమవారపు నీటి ఉద్యోగినిగా నియమించడమైనది. మిగిలిన ఐదు రోజులకు అనుభవం, హాజరు, పతకం ఉన్న వెనాన్సియోయే రెండు తొట్లమీదా కొనసాగుతాడు.

నేను కోరినది ఇది కాదు. ఆరు రోజుల పనిలో ఒక రోజు. న్యాయంలో ఆరో వంతు. కానీ ఎదెల్మీరా అప్పటికే నియామకపత్రాన్ని రెండు చేతులా పట్టుకుని తన పేరును వేలితో తడుముతూ ఉన్నది. ఆమెకు చదువు నేర్పినది నేనే. ఆ పేరును అంత నిదానంగా చదవడం నేను ఎన్నడూ చూడలేదు. ఊరుకున్నాను.

తరువాత ఉపన్యాసాలు జరిగినవి. స్త్రీల పురోగతిలో మా పట్టణం దేశానికే ఆదర్శమని మేయరుగారు వాక్రుచ్చారు. పురోగతి గౌరవార్థం మరో కుండ తెప్పించారు. వెనాన్సియో నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఎంత గర్వంగా ఉందో టీచరమ్మా! మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరం ఉద్యోగులం. పైగా సోమవారం నాకు సెలవు. కాయితం మీద సెలవు! ఇక దిగులే లేదు."

ఎదెల్మీరాకు పురపాలక సంఘం ముద్రతో నీలి టోపీ ఇచ్చారు. జడలమీద అది కూర్చోదు. రెండు సూదులు గుచ్చి కూర్చోబెట్టుకున్నది. మొదటి సోమవారం ఊరి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి ఆమె కొండెక్కడం చూశారు. నేనూ చూశాను. ఆరున్నరకు ముందే వెళ్ళింది. ఏడింటికి కుళాయి కారింది, పట్టీలో ఆమె పేరు రాశారు.

మరునాడు ఉదయం ప్రార్థనకు వెళుతూ కొండదారి వైపు చూశాను. భుజాన ఇనుప తాళంచెవి వేసుకుని, వంగి ఎక్కుతున్న మనిషి నడక నాకు తెలిసినదే. ఎండు మోల్యే ఆకులమీద చేతికర్ర జారకుండా, ఆమెను అందుకునేదాకా ఎక్కాను. నెత్తిన ఏమీ లేదు.

"ఇవాళ మంగళవారం కదే. మీ ఆయనేడి?"

"పడుకున్నాడు మద్రీనా. ఆదివారం తాగినది సోమవారం తగ్గాలి కదా. సోమవారం సెలవైపోయేసరికి మళ్ళీ జెండా దగ్గరికెళ్ళాడు."

"మరి నీ టోపీ ఏదీ?"

"టోపీ సోమవారానికిచ్చారు." ఆమె తాళంచెవిని ఒక భుజం నుంచి రెండో భుజానికి మార్చుకున్నది. "ఇవాళ నేను రాలేదు మద్రీనా. ఇవాళ వచ్చింది ఆయన."